మాట ముద్దగా రావడానికి కారణం ఒక్కటే కాదు

మాటలోని లోపాలను కంప్యూటర్‌తో కొలిచే పద్ధతి గురించి ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో అయిదింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాం. పొడవైన ఉత్తరాలను కుదించాం, పేర్లు తొలగించాం.

ప్రశ్న: మా నాన్నగారికి 68 ఏళ్లు. గత ఏడాది పక్షవాతం వచ్చింది. చేయి, కాలు చాలావరకు స్వాధీనంలోకి వచ్చాయి గాని మాట ముద్దగానే ఉండిపోయింది. మా వీధిలోనే ఒక పెద్దాయనకు పార్కిన్సన్స్ జబ్బు ఉంది, ఆయన మాటా అర్థం కాదు. ఇద్దరినీ ఒకే స్పీచ్ థెరపిస్టు చూస్తున్నారు. ఇద్దరి చేతా ఊపిరి ఉన్నంతసేపు ‘ఆ’ అనిపించారు, ‘పటక పటక’ అని వేగంగా పలికించారు, ఒక పేరా చదివించారు, అంతా కంప్యూటర్‌లో రికార్డు చేశారు. తీరా చూస్తే ఇద్దరికీ ఇచ్చిన అభ్యాసాలు పూర్తిగా వేరు. మా చెవికి ఒకేలా వినిపించే మాటల్లో కంప్యూటర్‌కు కనిపించిన తేడా ఏమిటి? — ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మాట ముద్దగా ఉందనేది వినేవారి చెవికి తోచిన సంగతే గాని జబ్బు పేరు కాదు. మాట రావాలంటే ఊపిరితిత్తుల నుంచి గాలి రావాలి, ఆ గాలికి స్వరపేటికలోని తంతువులు కంపించి నాదం పుట్టాలి, అంగిలి వెనుక భాగం సమయానికి లేచి ముక్కు దారిని మూయాలి, నాలుక, పెదవులు, దవడ ఆ నాదాన్ని అక్షరాలుగా మలచాలి, ఈ పనులన్నిటినీ మెదడు, చిన్నమెదడు కలిసి నడిపించాలి. వీటిలో ఏది దెబ్బతిన్నా వినేవారు చేసే ఫిర్యాదు ఒక్కటే: ‘సరిగ్గా అర్థం కావడం లేదు’ అని. సన్నాయిలో నాదం రెల్లు దగ్గర పుట్టి గొట్టంలో రూపం దిద్దుకున్నట్టే, మాటలోనూ నాదం పుట్టే చోటు వేరు, దాన్ని మలిచే చోటు వేరు. స్వీడన్ శాస్త్రవేత్త గున్నార్ ఫాంట్ 1960లో వెలువరించిన సిద్ధాంతం ఈ రెంటినీ గణితపరంగా విడదీసి చూపింది. ఈనాటి ధ్వని పరీక్షలు చాలావరకు ఆ పునాది మీదే నిలిచి ఉన్నాయి.

మీ నాన్నగారి చేత చేయించిన మూడు పనులూ మూడు వేర్వేరు చోట్లను పరీక్షిస్తాయి. ‘ఆ’ అని ఏకధాటిగా పలికేటప్పుడు నాలుకకు, పెదవులకు పెద్దగా పని ఉండదు కనుక అక్కడ బయటపడేది ఊపిరి బలం, స్వరతంతువుల స్థితి. ‘పటక’లో పకారం పెదవులతో, టకారం నాలుక కొనతో, కకారం నాలుక మొదలుతో పలుకుతాం కనుక ఆ మూడు భాగాలూ ఎంత చురుగ్గా, ఎంత సమంగా కదులుతున్నాయో అందులో తెలుస్తుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దలు సెకనుకు సుమారు 5 నుంచి 7 అక్షరాలు ఇలా పలకగలుగుతారు. వయసు పైబడితే ఈ వేగం కొంత తగ్గడం సహజం. పేరా చదివేటప్పుడు మాత్రం అన్నీ కలిసి పనిచేయాలి. ఊపిరి ఎక్కడెక్కడ తీసుకుంటున్నారు, వాక్యం చివరకు వచ్చేసరికి గొంతు ఎంత పడిపోతోంది, స్వరంలో ఎత్తుపల్లాలు ఉన్నాయా లేదా అన్నవి అక్కడే పట్టుబడతాయి.

తెర మీద కనిపించే బొమ్మను స్పెక్ట్రోగ్రామ్ అంటారు. అందులో ఎడమ నుంచి కుడికి కాలం, కింది నుంచి పైకి ధ్వని పౌనఃపున్యం (సెకనుకు కంపనాల సంఖ్య) ఉంటాయి. శక్తి ఉన్నచోట నలుపు, లేనిచోట తెలుపు. ఆరోగ్యవంతులు ‘ప’ అన్నప్పుడు పెదవులు మూసుకున్న ఆ కొద్దిసేపు, అంటే సెకనులో పదో వంతుకు కాస్త అటూఇటూగా, తెల్లని ఖాళీ పట్టీ కనిపిస్తుంది. పెదవులు విడివడిన క్షణాన సన్నని నిలువు గీత పడుతుంది, ఆ వెంటనే అచ్చు తాలూకు నల్లని అడ్డపట్టీలు మొదలవుతాయి. పార్కిన్సన్స్ ఉన్నవారి బొమ్మలో తరచుగా ఆ తెల్లని పట్టీ తెల్లగా ఉండదు. పెదవులో, నాలుకో పూర్తిగా మూసుకోకుండానే తరువాతి అక్షరానికి వెళ్లిపోవడం వల్ల గాలి జారి, ఖాళీ అంతా బూడిదరంగు మచ్చతో నిండిపోతుంది. నిలువు గీత కూడా మసకబారుతుంది. వేగం మాత్రం మామూలుగానే ఉండవచ్చు, ఒక్కోసారి తోసుకువచ్చినట్టు పెరుగుతుంది కూడా. మీ నాన్నగారి వంటివారి బొమ్మలో సాధారణంగా కనిపించేది మరొకటి: మూసుకోవడం, విడివడడం రెండూ జరుగుతాయి గాని ఒక్కొక్క అక్షరం సాగిపోతుంది, ఒక అచ్చు నుంచి మరొకదానికి నాలుక మెల్లగా జరగడం వల్ల నల్లపట్టీలు నిటారుగా ఎక్కవలసిన చోట వాలుగా పాకుతాయి. చిన్నమెదడు దెబ్బతిన్నవారిలో మూడో రకం చిత్రం వస్తుంది. ఒక ‘పటక’ పొట్టిగా, మరొకటి పొడుగ్గా, ఒకటి గట్టిగా, ఇంకొకటి మెల్లగా ఉండి లయ చెదిరిపోతుంది. చెవికి మూడూ ముద్దగానే వినిపించవచ్చు.

ఈ తేడాలను మొదట పద్ధతిగా విడదీసింది మాత్రం కంప్యూటర్ కాదు, అనుభవం ఉన్న చెవులే. అమెరికాలోని మేయో క్లినిక్‌లో డార్లీ, ఆరన్సన్, బ్రౌన్ అనే ముగ్గురు 212 మంది నరాల జబ్బుల రోగుల మాటను శ్రద్ధగా విని, 38 లక్షణాల కింద అంచనా వేసి 1969లో ప్రచురించారు. ఏ లక్షణాలు గుంపుగా వస్తాయో చూస్తే నాడీమండలంలో దెబ్బ ఎక్కడ తగిలిందో ఊహించవచ్చని వారు చూపారు. నరాల దెబ్బ వల్ల వచ్చే మాట లోపాన్ని డిసార్థ్రియా అంటారు. దాన్ని వదులు కండరాల రకం, బిగుసుకున్న కండరాల రకం, లయ తప్పిన రకం, కదలిక తగ్గిన రకం, అదుపులేని కదలికల రకం, మిశ్రమ రకం అని నేటికీ విభజించడానికి మూలం ఆ పనే. చెవి పట్టుకున్నదానికి అంకెలు జోడించి, నెల తరువాత మళ్లీ కొలిచి పోల్చే వీలు కలిగించడమే ధ్వని పరీక్ష చేసిన మేలు.

అభ్యాసాలు వేరుగా ఉండడానికి కారణం ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. పార్కిన్సన్స్ ఉన్నవారికి తాము మెల్లగా మాట్లాడుతున్నామన్న సంగతి తరచుగా తెలియదు. మామూలుగా మాట్లాడమంటే అరుస్తున్నట్టు అనిపిస్తుందంటారు. అందుకే వారికి గొంతు పెంచడం ఒక్కదాని మీదే దృష్టి పెట్టిస్తారు. అమెరికా స్పీచ్ నిపుణురాలు లొరైన్ రామిగ్ 1980లలో రూపొందించిన లీ సిల్వర్‌మన్ పద్ధతిలో నాలుగు వారాల పాటు, వారానికి నాలుగు రోజులు, రోజుకు గంట చొప్పున 16 తరగతులు ఉంటాయి. గొంతు పెంచితే నోరు కూడా ఎక్కువ తెరుచుకుని హల్లులు స్పష్టపడతాయి. కండరాలు బిగుసుకుపోయి, గొంతు నొక్కిపెట్టినట్టు పలుకుతున్న పక్షవాత రోగి చేత అదే బలవంతం చేయిస్తే ఆ బిగువు మరింత పెరగవచ్చు. వారికి తేలికగా నాదం ఎత్తడం, మాటను చిన్న చిన్న ముక్కలుగా విరిచి చెప్పడం, అక్షరాన్ని నిండుగా పలకడం వంటివి నేర్పుతారు. కాబట్టి పక్కింటివారి అభ్యాసాలు చూసి మీ నాన్నగారి చేత చేయించకండి.

పక్షవాతం తరువాత వచ్చే మాట ఇబ్బంది ప్రతిసారీ డిసార్థ్రియాయే కావాలని లేదు. కండరాలు బాగున్నా వాటిని ఏ వరుసలో కదపాలో మెదడు కూర్చుకోలేని స్థితి ఒకటి ఉంది, దాన్ని అప్రాక్సియా అంటారు. ఆ స్థితిలో ‘పపపప’ బాగానే వచ్చి ‘పటక’ దగ్గర తడబాటు మొదలవుతుంది, తప్పు ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది, అక్షరానికీ అక్షరానికీ నడుమ వెతుకులాట వంటి ఖాళీలు పడతాయి. పదాలే గుర్తుకు రాకపోవడం, విన్నది అర్థం కాకపోవడం అఫేసియా; అది భాషకు సంబంధించిన లోపం కనుక ధ్వని బొమ్మల్లో వెతికితే దొరకదు. ఒకే మనిషిలో ఈ మూడూ పాళ్లు వేరుగా కలిసి ఉండవచ్చు. మీ థెరపిస్టును ‘మా నాన్నగారికి వీటిలో ఏవి ఉన్నాయి, ఏది ఎక్కువ?’ అని తప్పక అడగండి.

ప్రశ్న: మా పాపకు ఏడేళ్లు. పుట్టుకతో అంగిలి చీలిక ఉంటే ఏడాది వయసులో ఆపరేషన్ చేయించాం. ఇప్పటికీ మాట ముక్కుతో వస్తుంది, ‘కాకి’ అనమంటే ‘ఆఇ’ అన్నట్టు గొంతులో నొక్కి పలుకుతుంది. తరగతిలో వినికిడి లోపం ఉన్న మరో బాబు కూడా ముక్కుతోనే మాట్లాడతాడు. ఇద్దరికీ ఒకే శిక్షణ సరిపోతుందని టీచరు గారు అంటున్నారు. మాకు నేసోమీటర్ పరీక్ష రాశారు. అది అవసరమా? — ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అవసరమే. టీచరు గారి సలహా మంచి మనసుతో ఇచ్చినదే అయినా ఇక్కడ పనికిరాదు. మీ పాపకు, ఆ బాబుకు ముక్కు పలుకు ఒకేలా వినిపిస్తున్నా దాని పుట్టుక వేరు.

మాటలో మ, న, ణ వంటి అనునాసికాలు తప్ప మిగతా అక్షరాలు పలికేటప్పుడు అంగిలి వెనుకనున్న మెత్తని భాగం లేచి ముక్కు దారిని మూసెయ్యాలి. అంగిలి చీలికకు ఆపరేషన్ జరిగాక కూడా ఆ భాగం పొట్టిగా ఉండిపోతే, లేదా తగినంత కదలకపోతే దారి మూసుకోదు. నేసోమీటర్‌లో ముక్కుకు, నోటికి మధ్య అడ్డంగా ఒక పలక, దాని పైన ఒక మైకు, కింద ఒక మైకు ఉంటాయి. ముక్కు నుంచి, నోటి నుంచి వచ్చిన మొత్తం ధ్వనిశక్తిలో ముక్కు వాటా ఎంత శాతమో అది లెక్కకడుతుంది. పరీక్షకు ఏ వాక్యం చదివిస్తున్నారన్నది ఇక్కడ చాలా ముఖ్యం. ‘బాబు పాప చేయి పట్టుకు పోతాడు’ అన్న వాక్యంలో ఒక్క అనునాసికం కూడా లేదు కనుక అందులో ముక్కు వాటా తక్కువగా ఉండాలి. ‘అమ్మమ్మ నాన్నని మామిడిపండు ఇమ్మంది’ అన్నదాంట్లో ఎక్కువగా ఉండాలి. మొదటి వాక్యంలోనూ వాటా ఎక్కువగా వస్తే దారి మూసుకోవడం లేదని అనుమానించాలి. ఇంగ్లిష్ వాక్యాలకు నిర్ణయించిన హద్దులను తెలుగు వాక్యాలకు అలాగే వాడితే తప్పుడు నిర్ణయానికి వస్తారు. మీ పాప చేత చదివించేది తెలుగు వాక్యాలేనా, పోల్చేది తెలుగు పిల్లల అంకెలతోనేనా అన్నది అడిగి తెలుసుకోండి.

‘కాకి’ దగ్గర జరుగుతున్నది ఇంకొక సంగతి. నోట్లో గాలి నిలవనప్పుడు పిల్లలు దాన్ని ఇంకా కిందనే, అంటే స్వరపేటిక దగ్గరే ఆపడం అలవాటు చేసుకుంటారు. ఇది మొండితనం కాదు, ఉన్న శరీరంతో ఆ పసిబిడ్డ కనిపెట్టుకున్న ఉపాయం. స్పెక్ట్రోగ్రామ్‌లో ఇది తేలికగా తెలుస్తుంది: నాలుక మొదలుతో నిజంగా కకారం పలికితే ముందున్న అచ్చులోని రెండో, మూడో నల్లపట్టీలు ఒకదానివైపు ఒకటి వంగుతాయి, గొంతులో నొక్కి పలికితే ఆ వంపు ఉండదు. ఆపరేషన్ బాగా కుదిరినా ఈ అలవాటు తనంతట తాను పోదు, థెరపీతోనే పోతుంది. దానికి భిన్నంగా, అంగిలి పొట్టిగా ఉండి దారి తెరుచుకునే ఉంటే ఎంత థెరపీ చేసినా ముక్కు పలుకు తగ్గదు, మళ్లీ సర్జన్ చూడవలసి ఉంటుంది. బుడగలు ఊదించడం, ఈలలు ఊదించడం వల్ల అంగిలి బలపడి మాట బాగవుతుందన్న నమ్మకం విస్తృతంగా ఉంది గాని దానికి ఆధారం లేదు. ఆ సమయాన్ని అక్షరాల అభ్యాసానికి వాడండి.

వినికిడి లోపం ఉన్న బాబు అంగిలి సాధారణంగా బాగానే ఉంటుంది. అది లేచిందో లేదో అద్దంలో కనిపించదు, చెవికీ వినిపించదు కనుక దాన్ని ఎప్పుడు కదపాలో అతనికి తెలియదు. అటువంటి పిల్లల మాటలో ఇంకా కొన్ని గుర్తులు కలిసి ఉంటాయి. స్వరం స్థాయి ఎక్కువగానో, నిలకడ లేకుండానో ఉంటుంది, అక్షరాలు సాగుతాయి. ఈకారానికి, ఊకారానికి నాలుక ముందుకు, వెనక్కు జరగాలి. అది బయటికి కనిపించదు కనుక రెండు అచ్చులూ మధ్యకు జరిగి ఒకదాన్ని ఒకటి పోలిపోతాయి. పాటను బాట అనడం, గాలిని కాలి అనడం వంటి పరుష సరళాల తారుమారు కూడా వస్తుంది. ఆ బాబుకు ముందు కావలసింది సరైన వినికిడి యంత్రమో, ఆపరేషన్‌తో లోపలి చెవిలో అమర్చే కాక్లియర్ ఇంప్లాంటో, దానితోపాటు వినడంలో శిక్షణ.

మీరు చేయవలసిన పని మరొకటి ఉంది. అంగిలి చీలికతో పుట్టిన పిల్లల్లో మధ్యచెవిలో నీరు చేరడం చాలా మామూలు, దానివల్ల వినికిడి కొంత తగ్గుతుంది. పాపకు చెవి పరీక్ష చేయించి చాలాకాలమైతే నేసోమీటర్ పరీక్షతోపాటు అది కూడా చేయించండి. వినికిడి, మాట లోపాల కోసం పనిచేసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాద్‌లో ఉంది. మీరు ఎక్కడికి వెళ్లినా థెరపిస్టుకు భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ ఉన్నదీ లేనిదీ చూసుకోండి.

ప్రశ్న: నేను ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయుడిని. గొంతు బొంగురుపోయి రెండు నెలలైంది. ఒకచోట వాయిస్ పరీక్ష చేసి ఇచ్చిన కాగితంలో జిట్టర్, షిమ్మర్ రెండూ ఎర్రరంగులో ఉన్నాయి. ఇది క్యాన్సరా, నరాల జబ్బా అని నిద్రపట్టడం లేదు. — నిజామాబాద్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఆ ఎర్రరంగు క్యాన్సర్‌ను గాని, నరాల జబ్బును గాని చెప్పదు, చెప్పలేదు. స్వరతంతువుల ఒక్కొక్క కంపనానికి పట్టే కాలంలోని హెచ్చుతగ్గులు జిట్టర్, ఒక్కొక్క కంపనం బలంలోని హెచ్చుతగ్గులు షిమ్మర్. తంతువుల మీద చిన్న కాయలు ఉన్నా, జలుబుతో వాచినా, థైరాయిడ్ ఆపరేషన్‌లో నరం దెబ్బతిని ఒక తంతువు కదలకుండా పోయినా, మీరు పరీక్ష సమయంలో మరీ మెల్లగా ‘ఆ’ అన్నా ఈ రెండూ పెరుగుతాయి. హద్దులు కూడా ప్రోగ్రామ్‌ను బట్టి ఉంటాయి. గొంతును కొలిచే ఎమ్‌డీవీపీ అనే ప్రోగ్రామ్ జిట్టర్‌కు 1.04 శాతం, షిమ్మర్‌కు 3.81 శాతం హద్దుగా పెట్టుకుంది. వేరే పద్ధతిలో కొలిచినప్పుడు ఆ అంకెలు వర్తించకపోవచ్చునని ఇదే పని చేసే ప్రాట్ అనే మరో ప్రోగ్రామ్ సూచనల్లోనే రాసి ఉంది. పైగా గొంతు బాగా చెదిరిపోయి కంపనానికి ఒక క్రమమే లేనప్పుడు ఈ కొలతలకు అర్థం ఉండదని గొంతు శాస్త్రవేత్త ఇంగో టిట్జ్ 1995లోనే హెచ్చరించారు. అందుకే ఇప్పుడు సెప్‌స్ట్రల్ కొలతకు ప్రాధాన్యం పెరిగింది. నాదం ఎంత క్రమంగా ఉందో అది ఒక్కొక్క కంపనాన్ని లెక్కపెట్టకుండానే చెబుతుంది. అమెరికా స్పీచ్ నిపుణుల సంఘం 2018లో సిఫారసు చేసిన కొలతల్లో అదీ ఉంది.

మీకు కావలసింది ఇంకో ప్రింటవుట్ కాదు, ఈఎన్‌టీ వైద్యుడు గొట్టంతో స్వరతంతువులను కళ్లారా చూడడం. బొంగురు నాలుగు వారాలు దాటితే ఎవరైనా ఈ పరీక్ష చేయించుకోవాలి, పొగతాగే అలవాటు ఉంటే ఇంకా ముందే. మీకు రెండు నెలలైంది కనుక ఈ వారంలోనే వెళ్లండి. ఉపాధ్యాయుల్లో బొంగురుకు గొంతు శ్రమ తరచుగా కనిపించే కారణమన్నది నిజమే గాని, ఆ ధైర్యంతో పరీక్ష వాయిదా వేయకండి.

ప్రశ్న: నేను వరంగల్‌లో ఇంజనీరింగ్ చదువుతున్నాను. వాట్సాప్ వాయిస్ మెసేజ్ విని పార్కిన్సన్స్‌ను పట్టే యాప్‌ను తెలుగులో తయారుచేయాలన్నది మా ప్రాజెక్టు. ఇంటర్నెట్‌లో దొరికిన డేటాతో 98 శాతం కచ్చితత్వం వచ్చింది. నిజంగా వాడుకలోకి తేవచ్చా? — ఒక విద్యార్థి

జవాబు: మీ ఉత్సాహం ఎంతో సంతోషం కలిగించింది, తెలుగుకు ఈ పని చేసేవారు కావాలి. ఆ 98 శాతాన్ని మాత్రం నమ్మకండి.

మీరు వాడింది బహుశా విద్యార్థులందరూ వాడే డేటాయే అయి ఉంటుంది. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన మ్యాక్స్ లిటిల్ బృందం అందరికీ అందుబాటులో ఉంచిన ఆ డేటాలో 195 రికార్డింగులు ఉన్నాయి. మనుషులు మాత్రం 31 మందే, వారిలో పార్కిన్సన్స్ ఉన్నవారు 23 మంది. అంటే ఒక్కొక్కరివి ఇంచుమించు ఆరేసి రికార్డింగులు. వాటిని కలగాపులగం చేసి కొన్నిటితో నేర్పించి, మిగతా వాటితో పరీక్షిస్తే ఒకే మనిషి గొంతు రెండు వైపులా పడుతుంది. అప్పుడు మీ ప్రోగ్రామ్ గుర్తుపడుతున్నది జబ్బును కాదు, మనిషిని. నేర్పినవారిలో ఒక్కరు కూడా పరీక్షలో లేకుండా విడదీసి చూడండి. అంకె ఎంత పడిపోతుందో మీరే గమనిస్తారు. ఇంకొక లెక్క కూడా చూడండి. అన్ని రికార్డింగులకూ ‘జబ్బు ఉంది’ అని కళ్లు మూసుకుని చెప్పినా అందులో దాదాపు నాలుగింట మూడు వంతులు సరైనదే అవుతుంది.

రెండో చిక్కు రికార్డింగుది. పాత టెలిఫోన్ లైను 300 నుంచి 3400 హెర్ట్జ్ మధ్య ధ్వనిని మాత్రమే పంపేది. సకారంలో ఉండే శక్తిలో చాలా భాగం దానికి పైనే ఉంటుంది. వాట్సాప్ ధ్వనిని కుదించి పంపుతుంది, ఫోన్లు చప్పుడును తగ్గించి గొంతును తమంతట తామే పెంచుతాయి. పార్కిన్సన్స్ ఉన్నవారి మాట మామూలు వారి కన్నా సుమారు 2 నుంచి 4 డెసిబెల్స్ తగ్గుతుందని కొలిచారు. ఫోనే గొంతు పెంచేస్తే మీరు వెతుకుతున్న లక్షణమే చెరిగిపోతుంది. రోగులను ఆసుపత్రిలో ఒక మైకుతో, ఆరోగ్యవంతులను హాస్టల్‌లో మరో మైకుతో రికార్డు చేస్తే యాప్ గదిని, మైకును నేర్చుకుంటుంది. రోగులు 70 ఏళ్లవారు, మిగతావారు మీ తోటి విద్యార్థులు అయితే అది వయసును నేర్చుకుంటుంది.

మూడోది కారణాల సంగతి. ‘పార్కిన్సన్స్ ఉన్నవారు, ఆరోగ్యవంతులు’ అని రెండు కుప్పలు పోసి నేర్పిన యాప్‌కు పక్షవాతం వచ్చినవారి గొంతో, కట్టుడుపళ్లు వదులైనవారి గొంతో వినిపిస్తే ఏమంటుంది? రెండు పేర్లే నేర్పారు కనుక వాటిలో ఏదో ఒకటి అంటుంది. వైద్యుడి ముందుకు వచ్చేవారిలో ఆరోగ్యవంతులు తక్కువ, వేరే జబ్బు ఉన్నవారు ఎక్కువ. కాబట్టి మీ డేటాలో వేర్వేరు కారణాలవారు ఉండి తీరాలి. ఇందుకు నమూనాలు ఉన్నాయి గాని చాలావరకు ఇంగ్లిష్‌వే: ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం సెరిబ్రల్ పాల్సీ (పసితనంలోనే మెదడు దెబ్బతిని కదలికలు అదుపు తప్పే స్థితి) ఉన్నవారి మాటలు సేకరించింది, టొరంటో విశ్వవిద్యాలయం సెరిబ్రల్ పాల్సీ, ఏఎల్‌ఎస్ (కండరాలను నడిపే నరాలు క్షీణించే జబ్బు) ఉన్నవారివి సేకరించింది. మన పక్కనే తమిళంలో చెన్నైలోని ఎస్‌ఎస్‌ఎన్ కళాశాల సెరిబ్రల్ పాల్సీ ఉన్నవారి మాటలతో ఒక సంకలనం తయారుచేసింది. దాని పద్ధతిని శ్రద్ధగా చదవండి.

యాప్ ఆలోచనను కొంతకాలం పక్కన పెట్టి, ఒక స్పీచ్ థెరపిస్టుతో కలిసి, రోగుల లిఖితపూర్వక అనుమతితో, అందరికీ ఒకే మైకు, ఒకే దూరం, ఒకే తెలుగు వాక్యాలు పాటిస్తూ చిన్న సంకలనం మొదలుపెట్టండి. కొలతలకు ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలో పాల్ బూర్స్మా, డేవిడ్ వేనింక్ తయారుచేసిన ప్రాట్ ఉచితంగా దొరుకుతుంది. జబ్బును పట్టేసే యాప్ కన్నా, జబ్బు తెలిసిన మనిషి మాట థెరపీతో ఎంత మెరుగైందో నెలనెలా చూపే సాధనం ముందు పనికివస్తుందని నా అభిప్రాయం. అక్కడ ఆ మనిషిని ఆ మనిషితోనే పోలుస్తాం కనుక తప్పుకు ఆస్కారం తక్కువ.

ప్రశ్న: మేము డాలస్‌లో ఉంటున్నాం. మా అమ్మకు 72 ఏళ్లు, పార్కిన్సన్స్ ఉంది, ఈ మధ్యే మా దగ్గరికి వచ్చింది. ఇక్కడి స్పీచ్ థెరపిస్టుకు తెలుగు రాదు, అమ్మకు తెలుగు తప్ప రాదు. కంప్యూటర్ కొలతలకు భాషతో పని లేదు కదా, ఆ పరీక్ష సరిపోతుందా? — ఒక పాఠకుడు

జవాబు: కొంతవరకే సరిపోతుంది. ‘ఆ’ అని పలికించడం, గొంతు బలం కొలవడం, ‘పటక’ వేగం లెక్కించడం ఏ భాషవారికైనా దాదాపు ఒకటే. వాటిని అక్కడే నిశ్చింతగా చేయించండి. కాని మాట ఎంతవరకు అర్థమవుతోందన్నది భాషను వదిలి కొలవలేం.

మన భాషలో దీర్ఘాచ్చు హ్రస్వం కన్నా ఇంచుమించు రెట్టింపు కాలం ఉంటుంది; ఆ నిష్పత్తి చెదిరితే ‘పడు’ కాస్తా ‘పాడు’ అవుతుంది. కల, కల్ల అన్నవాటికి తేడా నాలుక ఎంతసేపు ఆగిందన్నదే. పాట, పాత అన్నవాటికి తేడా నాలుక కొన పళ్లకు తగిలిందా, వెనక్కు మడత పడిందా అన్నది. స్పెక్ట్రోగ్రామ్‌లో టకారానికి ముందు మూడో నల్లపట్టీ కిందికి దిగుతుంది. బకారం, గకారం వంటి సరళాల్లో మన నాదం పెదవులు విడివడక ముందే మొదలవుతుంది. ఇంగ్లిష్ మాట మొదట్లో వచ్చే ఆ అక్షరాల్లో చాలామందికి అది విడివడిన తరువాతే మొదలవుతుంది. ఈ సంగతి తెలియని థెరపిస్టు మీ అమ్మగారి మామూలు బకారాన్ని లోపమనుకోవచ్చు, నిజమైన లోపాన్ని గమనించకపోనూ వచ్చు.

అన్నిటికన్నా ముఖ్యమైనది వాక్యం చివర. పార్కిన్సన్స్‌లో గొంతు వాక్యం పోనుపోను పడిపోతుంది. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది, ఎవరు చేశారన్నది, చేశారా లేదా అన్నది ఆ క్రియ చివరనే ఉంటుంది. ‘పొద్దున మాత్ర వేసుకున్నాను’, ‘పొద్దున మాత్ర వేసుకోలేదు’ అన్న రెండు వాక్యాల్లో చివరి మూడక్షరాలు వినిపించకపోతే ఇంట్లోవారికి మిగిలేది ఊహ మాత్రమే. ఇంగ్లిష్‌లో కాదనే మాట వాక్యం మొదటి సగంలోనే వచ్చేస్తుంది కనుక ఆ థెరపిస్టు దృష్టి సహజంగా ఇటు పోదు. ఈ విషయం థెరపిస్టుకు విడమర్చి చెప్పండి. అభ్యాసానికి ఇచ్చే వాక్యాలను ‘వస్తాను, రాను’, ‘తిన్నాను, తినలేదు’, ‘ఇస్తాడు, ఇస్తారు’ వంటి జంటలుగా మీరే రాసిచ్చి, పక్కన ఇంగ్లిష్‌లో అర్థం రాయండి. గొంతును చివరి అక్షరం దాకా నిలపడమే లక్ష్యంగా పెట్టమనండి.

ఇంట్లో రికార్డు చేసేటప్పుడు ఫ్యాను, టీవీ ఆపి, ఫోనును నోటికి జానెడున్నర దూరంలో ప్రతిసారీ అదే చోట పెట్టండి. వీలైతే ధ్వనిని కుదించని ఫార్మాట్ ఎంచుకోండి, ఆ ఫైలును వాట్సాప్‌లో కాకుండా ఈమెయిల్‌లో పంపండి. అమ్మగారు మాత్ర వేసుకుని ఎంతసేపయిందో ప్రతి రికార్డింగుతో పాటు రాసిపెట్టండి. పార్కిన్సన్స్‌కు ఇచ్చే లెవోడోపా మందు చేతులు, కాళ్ల కదలికకు ఇచ్చినంత ఊరట మాటకు ఇవ్వదు, అదీ మనిషిని బట్టి మారుతుంది. ఆ సమయం తెలియకపోతే ఒక రోజు రికార్డింగును మరో రోజుదానితో పోల్చలేరు. ఆ జంట వాక్యాలను మీ కుటుంబం కాని తెలుగువారు ఒకరికి, ముందు ఏమీ చెప్పకుండా, రెండు వారాలకోసారి వినిపించి, వారికి ఏమి వినిపించిందో రాయమనండి. మీ చెవి అమ్మ మాటకు అలవాటు పడిపోయి ఉంటుంది కనుక ఆ పని మీరు చేయకూడదు. వారు రాసిన కాగితాలను గొంతు బలం కొలతలతో కలిపి థెరపిస్టుకు ఇస్తే, గొంతు పెరిగినంత మేర మాట అర్థం కావడం కూడా పెరిగిందో లేదో ఆమెకు తెలుగు రాకపోయినా తెలుస్తుంది.